నలభై ఏడు గ్రాములు

నిచ్చెన మీద ఉన్న మనిషికీ రెండో అంతస్తు కిటికీలో ఉన్న మనిషికీ స్నేహం కుదరడం అమీర్‌పేటలో పెద్ద వింతేమీ కాదు. ఆ సందులో ప్రతి గోడా ఏదో ఒక కోర్సు నేర్పుతానంటుంది. ప్రతి సోమవారం ఎక్కడో ఒక కొత్త బ్యాచ్ మొదలవుతుంది. పాత ఫ్లెక్సీ దించి కొత్తది కట్టే క్రీస్తుదాసుకి వారంలో రెండుమూడు సార్లయినా ఎవరిదో ఒక కిటికీ ఎదుట వేలాడక తప్పదు. చాలామంది అతణ్ణి చూడగానే కర్టెన్ లాగేసుకుంటారు. కేదార్ మాత్రం మొదటిసారే, "మాస్టారూ, పైమూల కాస్త దించి కట్టరా, గదిలోకి గాలి రావట్లేదు" అని అడిగాడు. క్రీస్తుదాసు దించి కట్టాడు. ఏడాది నుంచీ దించే కడుతున్నాడు.

కేదార్‌ది భీమవరం. కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, నేర్చుకుని, ఉద్యోగంలో చేరి, ఆ గది మాత్రం మారకుండా ఉండిపోయాడు. ఆఫీసు లేనప్పుడు వీడియోలు తీస్తాడు. టార్చిలైటు, స్క్రూడ్రైవరు, వీపు సంచి ఇలా ఏదో ఒకటి తన డబ్బుతో కొని, నాలుగు రోజులు వాడి, పెట్టిన డబ్బుకి తగునా తగదా అని చెప్పడం అతని సరదా. డెబ్బై వేలమంది చూస్తారట. అంతమంది ఒక స్క్రూడ్రైవర్ గురించి వింటారంటే క్రీస్తుదాసు మొదట నమ్మలేదు.

శుక్రవారం పొద్దున ఏడున్నరకి డెమో క్లాసు ఫ్లెక్సీ కడుతుంటే క్రీస్తుదాసు చేతిలో కట్టర్ బ్లేడు పుటుక్కున విరిగింది. విరిగిన ముక్క కింద ఎవరి మీదా పడకుండా చొక్కా జేబులో వేసుకుని, ఇంకాస్త బ్లేడు ముందుకు తోసి తాడు రుద్దడం మొదలుపెట్టాడు. కిటికీలో పళ్లు తోముకుంటూ చూస్తున్న కేదార్ బ్రష్షు తీశాడు.

"రోజుకి ఎన్ని విరుగుతాయి మాస్టారూ?"

"లెక్కేముంది సార్. పది రూపాయలది. విరుగుడే దాని పని."

కేదార్ లోపలికి వెళ్లి, నోరు కడుక్కుని, నల్లటి చిన్న డబ్బా పట్టుకొచ్చాడు. అందులోంచి బూడిదరంగు మడత కత్తి ఒకటి తీశాడు. క్రీస్తుదాసు చెయ్యి చాచాడు. కేదార్ అతని చేతిలో పెట్టలేదు. కిటికీ గట్టు మీద పెట్టి, "తీసుకోండి" అన్నాడు.

క్రీస్తుదాసు చాచిన చెయ్యి అలాగే కాసేపు ఆగింది. గట్ల మీద, మెట్ల మీద పెట్టిన మంచినీళ్లు, టీ గ్లాసులు అతను జీవితంలో చాలానే తీసుకున్నాడు. ఈ కుర్రాడు కూడానా అనిపించి మనసు చివుక్కుమంది. మొహంలో ఏం కనిపించిందో గానీ కేదార్ కంగారుపడ్డాడు.

"అయ్యో, మరోలా అనుకోకండి! కత్తిని నేరుగా చేతికివ్వకూడదని మా దుర్గాంబ మామ్మ అనేది. ఇస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పోట్లాట వస్తుందట. చిన్నప్పట్నించీ అలవాటైపోయింది."

"మంచిది సార్" అన్నాడు క్రీస్తుదాసు. నమ్మాడా అంటే నమ్మాడు. మనసులో ముల్లు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. అయినా కత్తి అందుకున్నాడు.

అందుకుని, అందుకున్నానా లేదా అని చెయ్యి చూసుకున్నాడు.

"గిదేంది సార్, బరువే లేదు! ఎంతుంటది?"

"నలభై ఏడు గ్రాములండి."

"ధర అడుగుతున్న."

"పదహారు వేల ఐదొందలు."

ఎడమచేత్తో నిచ్చెనని గట్టిగా పట్టుకుని ఉన్నాడు కాబట్టి సరిపోయింది. కింద నిచ్చెన పట్టుకున్న లెవీ, క్రీస్తుదాసు బామ్మర్ది, "బావా, ఏమైంది? ఆగిపోయినవ్?" అని అరిచాడు. ఆ ధర క్రీస్తుదాసు నెల సంపాదనకి కాస్త అటూ ఇటూ.

"నాలుగు నెల్లుగా దీని మీద వీడియో తియ్యాలని చూస్తున్నానండి" అన్నాడు కేదార్. "టమాటా కోశాను, అట్టపెట్టె కోశాను, తాడు కోశాను. ఏం కోసినా కెమెరా కోసం కోసిందే. పని కోసం కోసింది ఒక్కటీ లేదు. మీరు ఈ మూడు రోజులూ అన్నిటికీ ఇదే వాడండి. సోమవారం ఎలాగూ అడ్మిషన్ల ఫ్లెక్సీ కట్టడానికి వస్తారుగా, అప్పుడు చెప్పండి, పెట్టిన డబ్బుకి తగునా, తగదా అని. మీరేమంటే అదే వీడియోలో పెడతాను."

"పోతే?"

"పోతే పోయిందండి" అన్నాడు కేదార్. అనడం ధైర్యంగానే అన్నాడు గానీ చూపు మాత్రం కత్తి మీంచి తియ్యలేదు.

ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాడు క్రీస్తుదాసు. ఫ్లెక్సీలు రాకముందు గుడ్డ బ్యానర్లు కట్టాడు. ఏ తాడు మంచిది, ఏ కట్టర్ నిలుస్తుంది అని కాంట్రాక్టర్ రాఘవేందర్ ఒక్కనాడూ అడిగింది లేదు. చవకగా దొరికిందేదో పంపుతాడు. అతని అభిప్రాయం కావాలని ఒకరు అడగడం ఇదే మొదలు. దానికితోడు, పదహారు వేల కత్తిలో అసలు ఏముంటుందో తెలుసుకోవాలని మహా కుతూహలంగా ఉంది. కత్తి ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

*

ఏముందో ఆ మధ్యాహ్నానికే తెలిసింది. బొటనవేలితో నొక్కితే చాలు, టక్కుమని తెరుచుకుంటుంది. రెండో చెయ్యి నిచ్చెన వదలక్కర్లేదు. నైలాన్ తాడుకి ఆనిస్తే తాడు తెగుతుంది, అంతే. రుద్దడం లేదు, కొయ్యడం లేదు. కట్టర్‌తో కోస్తే చివర పోగులు లేచి, లైటరుతో కాల్చి ముద్ద చెయ్యాలి. దీంతో కోసిన చోట పోగు లేవలేదు. ఫ్లెక్సీ అంచు కోస్తే స్కేలు పెట్టి గీత గీసినంత తిన్నగా వచ్చింది. ఇంత పని చేసినా మణికట్టు నొప్పిలేదు. సాయంత్రానికి ఎప్పుడూ ఉండే నొప్పి లేకపోవడం వల్ల, ఇన్నేళ్లూ ఆ నొప్పి ఉందన్న సంగతి అతనికి కొత్తగా తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ రోజు క్రీస్తుదాసు కొయ్యాల్సిన అవసరం లేని రెండు తాళ్లు కూడా కోశాడు.

"ఒక్కసారి ఇయ్యి బావా, నేను సుత కోస్త" అన్నాడు లెవీ.

"వద్దురా. మందిది."

లెవీ వింతగా చూశాడు. నిచ్చెన, సుత్తె, చెప్పులు, ఆఖరికి బీడీ కూడా ఇద్దరూ పంచుకున్నవాళ్లే. బావ ఒక వస్తువు ఇవ్వననడం పన్నెండేళ్లలో అతను వినలేదు.

ఒక్కటే ఇబ్బంది. కత్తికి బరువు లేకపోవడంతో జేబులో ఉన్నట్టే తెలియడం లేదు. మామూలు సామానైతే తొడకి తగులుతూ ఉంటుంది, ఉందిలే అని మనిషి తన మానాన తనుంటాడు. ఇది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అందువల్ల నిమిషానికోసారి జేబు తడుముకోవాల్సి వచ్చింది. నిచ్చెన ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి. చాయ్ తాగుతూ గ్లాసు ఎడమచేతికి మార్చుకుని కుడిచెయ్యి జేబు మీదే ఉంచాడు.

"పొద్దటిసంది చూస్తున్న" అన్నాడు లెవీ. "జేబుకు మస్తు మర్యాదలు చేస్తున్నవ్. పిలగాన్ని జోకొట్టినట్టు కొడుతున్నవ్."

"ఉన్నదో లేదో తెలుస్తలేదురా."

"గింత ఫికర్ పడుడెందుకు? డబ్బాల పెట్టి ఇచ్చేయరాదు!"

"మాటిచ్చిన. మూడు దినాలు వాడి చెప్పాలె."

సైటు మీదికి వచ్చిన రాఘవేందర్ కూడా దాన్ని చూశాడు. "ఏడికెళ్లి లేపుకొచ్చినవ్ క్రీస్తుదాసూ?" అని నవ్వాడు. క్రీస్తుదాసూ నవ్వాడు. నవ్వాక చాలాసేపు ఆ మాట లోపల గీరుకుంటూనే ఉంది. పది రూపాయల కట్టర్ పట్టుకు తిరిగినన్నాళ్లూ ఎవరూ అలా అడగలేదు.

శనివారం పంజగుట్టలో కళ్లద్దాల దుకాణం ముందు పని. ఇరవై అడుగుల ఎత్తున ఇనుప ఫ్రేము. పాత ఫ్లెక్సీ ఎండకి బిగుసుకుపోయి, తాళ్లు లాగిపెట్టినట్టున్నాయి.

క్రీస్తుదాసుకి ఈ పని నేర్పినవాడు రాజనర్సయ్య. ఆయన మొదటిరోజు చెప్పింది తాడు కట్టడం గురించి కాదు. "చేతిలకెళ్లి జారినదాన్ని పట్టొద్దు బిడ్డా. నిచ్చెనను పట్టు. నోరు తెరిచి 'కిందా!' అని ఒర్రు. అంతే." ఇరవై ఆరేళ్లలో సుత్తెలు జారాయి, కటింగ్ ప్లేయర్లు జారాయి, కట్టర్లయితే లెక్కేలేదు. ప్రతిసారీ రెండుచేతులూ వాటంతటవే నిచ్చెన పట్టుకునేవి, నోరు దానంతటదే తెరుచుకునేది. కింద వెళ్లే జనం ఉలిక్కిపడి పక్కకి తప్పుకునేవారు. ఆ అలవాటు మూలంగానే రాజనర్సయ్య ముసలితనం దాకా బతికాడు, క్రీస్తుదాసుకి యాభై రెండేళ్లు వచ్చాయి.

బిగిసిన తాడుకి కత్తి ఆనించి, అలవాటు కొద్దీ బలంగా లాగాడు. అంత బలం దానికి అక్కర్లేదు. తాడు ముందే తెగిపోయింది, లాగిన చెయ్యి విసురుగా గాలిలోకి పోయింది, కత్తి వేళ్లలోంచి జారింది. చెయ్యి దాని వెనకే వెళ్లింది.

నోరు తెరుచుకోలేదు. పాదం మెట్టు వదిలిన సంగతి వదిలాక తెలిసింది. నిచ్చెన ఒక పక్కకి ఒరిగింది. కింద లెవీ "బావా!" అని కేకపెట్టి నిచ్చెనకి అడ్డంగా మీద పడిపోయాడు. క్రీస్తుదాసు ఛాతీ మెట్టుకి కొట్టుకుంది. మోచెయ్యి ఎలాగో తగులుకుని ఆగాడు.

కింద జామకాయల బండి ఉంది. కత్తి తెరిచినది తెరిచినట్టే వెళ్లి కాయల గుట్టలో గుచ్చుకుంది. బండామె చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది. ఆమె కత్తిని చూసింది, పైకి చూసింది.

"ఓ అన్నా! జర ఒర్రొద్దా?"

క్రీస్తుదాసు దిగి, గుట్టలోంచి కత్తి లాగి, మొన విరిగిందా అని వేలితో చూసి, చొక్కాకి తుడిచి మడిచాడు. మొన భద్రంగా ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ తర్వాతే ఆమె వైపు తిరిగాడు.

"ముందు కత్తిని చూసినవ్ బావా" అన్నాడు లెవీ మెల్లిగా. "ఆమెను తర్వాత చూసినవ్."

క్రీస్తుదాసుకి తల ఎత్తబుద్ధి కాలేదు. రెండు కిలోల జామకాయలు కొన్నాడు. క్షమాపణ చెప్పడం రాక కొన్న జామకాయలవి.

*

ఛాతీ మీద కమిలిన మచ్చ చూసి భార్య తబితా అడిగితే నిచ్చెన తగిలిందన్నాడు. అబద్ధం కాదు. కత్తి చూసి అడిగితే కేదార్ సార్ వాడమని ఇచ్చాడన్నాడు. అదీ అబద్ధం కాదు. ధర మాత్రం చెప్పలేదు. చెబితే ఆ రాత్రి ఆమె నిద్రపోదు, అతన్ని పోనివ్వదు.

ఆ దాపరికమే కొంప ముంచింది. తెల్లవారితే కోత పండుగ. సంఘంలో ప్రతి ఇంటివాళ్లూ తమ కష్టంలోంచి ఏదో ఒకటి చర్చికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాలి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. బల్కంపేట వెనక బస్తీలో రెండు గదుల ఇంటి మీద, ప్లాస్టిక్ డ్రమ్ములో, తబితా సొరపాదు పెంచింది. పొద్దున్నే లేచి, మొగుడి ప్యాంటు జేబులోని కత్తితో కాయ కోసింది. ఎంత బాగా తెగిందో అని ముచ్చటపడింది. చర్చి దగ్గరికి వెళ్లాక కాడ మరోసారి చెక్కితే తాజాగా కనిపిస్తుందని, కత్తిని కూడా కాయ పక్కనే ఎర్రగుడ్డ కింద బుట్టలో పెట్టింది. చర్చిలో ఎవరో పలకరిస్తే ఆ సంగతి మరిచిపోయి బుట్ట అప్పజెప్పేసింది.

పండుగ హడావిడిలో అప్పటిదాకా గుర్తురాక, పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతుండగా క్రీస్తుదాసు జేబు తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు. రెండో జేబు తడుముకున్నాడు. అయ్యగారు ఏం చెబుతున్నారో ఆ తర్వాత ఒక్క ముక్క వినబడలేదు. ఇంట్లోనే ఉండి ఉంటుందని మనసుకి చెప్పుకున్నాడు గానీ మనసు వింటే కదా.

వేలం మొదలైంది. వేలంపాట పాడించేది ప్రేమ్ సాగర్. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, ఏడాదంతా మెత్తగా మాట్లాడి ఈ ఒక్కరోజు గొంతు విప్పుతాడు. అరటిగెల పన్నెండు వందలకి పోయింది. ఒక్కటంటే ఒక్క నిమ్మకాయ, ఓ ముసలమ్మ తెచ్చింది, మూడు వందలకి పోయింది. అక్కడ సరుకుని చూసి ఎవరూ ధర కట్టరు, తెచ్చిన చేతిని చూసి కడతారు. తబితా సొరకాయ నాలుగు వందలు పలికింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"తర్వాత" అంటూ ప్రేమ్ సాగర్ బల్ల మీది నుంచి ఏదో తీశాడు. బల్ల సర్దిన ఫేబీ, టైలరింగ్ చేసే అమ్మాయి, దానికి కూడా నంబరు చీటీ అతికించింది. "ఇదొక చిన్న చాకు. ఎవరి కానుకో గానీ చేతిలో ఉన్నట్టే లేదు. యాభై రూపాయలు!"

క్రీస్తుదాసు లేచి నిలబడిపోయాడు. "అయ్యా, అది... అది నాది కాదు."

అందరూ గొల్లుమన్నారు. ప్రేమ్ సాగర్ కూడా నవ్వాడు. "బల్ల మీద పెట్టినాక ఎవరిదీ కాదు క్రీస్తుదాసూ, ప్రభువుది. కావాల్నంటే పాట పాడు!"

అది ఆ సంఘంలో ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. పొరపాటున పెట్టినా సరే, పాడుకుని తీసుకోవాల్సిందే. ఒకసారి ఒకాయన ఇంటి తాళాలే అలా పాడుకున్నాడు. ధర చెప్పి బతిమాలితే ఇచ్చేస్తారేమో. కానీ అంతమందిలో నిలబడి, పదహారు వేల కత్తి, వేరేవాళ్లది, నా జేబులో ఉండింది అని చెప్పడానికి నోరు రాలేదు. రాఘవేందర్ నవ్వు గుర్తొచ్చింది.

"నూరు" అన్నాడు.

"నూటయాభై" అంది ఇవాంజెలిన్. ఆసుపత్రిలో నర్సు. "డ్యూటీల పండ్లు కోసుకోనీకి మంచిగుంటది."

"రెండొందలు."

"మూడొందలు."

"నాలుగొందలు!" అన్నాడు క్రీస్తుదాసు. ఆ గొంతులో తొందర కనిపెట్టేశారు జనం. తన కత్తి తనే పాడుకుంటుండు అని నవ్వులాట మొదలైంది. మగపిల్లలు వెనక వరసలోంచి యాభై యాభై పెంచారు. ప్రతిసారీ అతని చెయ్యి పైకి లేచింది. ఏడొందల దగ్గర లేచినప్పుడు ఆ చేతిని తనే చూసుకున్నాడు. నిన్న నిచ్చెన మీద గాలిలోకి వెళ్లింది ఈ చెయ్యే. నేను వెళ్లమనకుండానే ఎలా వెళ్లిందో ఇప్పుడూ అలాగే లేస్తోంది అనిపించింది.

తొమ్మిదొందల దగ్గర ఇవాంజెలిన్ చెయ్యి ఊపేసింది. "తీసుకో అన్నా. తొమ్మిదొందలకు ఇంట్ల మొత్తం కత్తులు వస్తయి." ప్రేమ్ సాగర్ మూడుసార్లు బల్ల చరిచాడు. చప్పట్లు మోగాయి. క్రీస్తుదాసు దగ్గర ఆరొందలున్నాయి. మిగతా మూడొందలు తబితా పర్సులోంచి వచ్చాయి.

బయటికొచ్చాక ఆమె నిలదీసింది. ధర చెప్పక తప్పలేదు. తబితా చర్చి మెట్ల మీద కూర్చుండిపోయింది.

"పదహారు వేల కత్తితోని సోరకాయ కోపిచ్చినవా నాతోని?"

"నువ్వే కోసినవ్."

"చెప్తే ముట్టేదాన్నా?" అంది. తర్వాత ఆమెకే నవ్వొచ్చింది. "మంచిగనే తెగిందయ్యా. కానీ నిమ్మకాయకు మూడొందలు, దీనికి తొమ్మిదొందలు. మరి ఆ పదహారు వేలు దీంట్ల ఏడున్నయి?"

క్రీస్తుదాసుకి కూడా అదే అర్థం కాలేదు. ఇంటికెళ్లేదాకా కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. చీటీ జిగురు ఇంకా అంటుకుని ఉంది.

*

సోమవారం కత్తి జేబులో లేదు. నైలాన్ తాడుతో నడుం బెల్టుకి మూడు ముళ్లు వేసి కట్టుకున్నాడు. నిచ్చెన ఎక్కి కిటికీ దగ్గరికి చేరేసరికి కేదార్ ఫోను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"చెప్పండి మాస్టారూ. ఎలా ఉంది?"

"కోసుడు విషయానికొస్తే, దానికి తిరుగులేదు సార్" అన్నాడు క్రీస్తుదాసు ముళ్లు విప్పుతూ. "ఇన్నేండ్లల్ల అసుంటిది పట్టలే. తాడు తెగినట్టే తెల్వదు. చెయ్యి నొయ్యలే. అబద్ధం చెప్ప."

"అయితే డబ్బుకి తగునంటారు!"

"జర ఆగుండ్రి." జేబు తడుముకోవడం చెప్పాడు. రాఘవేందర్ మాట చెప్పాడు. జామకాయల బండి గురించి చెబుతున్నప్పుడు గొంతు తగ్గించాడు. చర్చిలో పాట సంగతి చెబితే కేదార్ ముందు నవ్వి, తర్వాత నవ్వాపాడు.

"మూడు దినాలు అది నా దగ్గర పనిచేయలే సార్. నేనే దాని దగ్గర పనిచేసిన. నా అసుంటోనికి జారితే వదిలేసేటి సామాను కావాలె. దీన్ని వదలబుద్ధి కాదు. గంతే నేను చెప్పేది."

కేదార్ ఫోను కాస్త దించాడు. "తొమ్మిదొందలు పెట్టి కొన్నారు కదండీ. ఇక మీదే. ఉంచేసుకోండి."

"ఆ తొమ్మిదొందలు దేవునికిచ్చిన. కత్తికి కాదు."

"నేను మాత్రం ఏం చేసుకోనండీ?" అన్నాడు కేదార్. కాస్త సిగ్గుపడ్డాడు. "మీరు నమ్మరు గానీ, నాలుగు నెలల్లో దీన్ని ఒక్కసారీ ఈ గది దాటించలేదు. మెట్రోలో తీసేసుకుంటారని భయం, ఆఫీసులో పోతుందని భయం. రాత్రి డబ్బాలోంచి తీసి, టక్కుటక్కుమనిపించి, మళ్లీ పెట్టేస్తాను. మీకిచ్చిన మూడు రోజులూ నాకు నిద్ర పట్టలేదు."

క్రీస్తుదాసు అతణ్ణి కొత్తగా చూశాడు. పదహారు వేలు పెట్టగలిగినవాడు నిశ్చింతగా ఉంటాడని అనుకున్నాడు ఇన్నాళ్లూ. శుక్రవారం ఎలా పుచ్చుకున్నాడో అలాగే కత్తిని కిటికీ గట్టు మీద పెట్టాడు. మీ అలవాటు మీకుండనీ అన్నట్టు పెట్టాడు.

కేదార్ ఒకచేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో కత్తి అందుకోబోయాడు. గట్టు బయటికి వాలుగా ఉంటుంది, వాన నీళ్లు పోవాలని. వేలి కొస తగిలింది. నలభై ఏడు గ్రాముల వస్తువు చప్పుడు లేకుండా జారింది.

క్రీస్తుదాసు రెండుచేతులూ నిచ్చెన పట్టుకున్నాయి. నోరు తెరుచుకుంది.

"కిందా!"

సందంతా వినబడింది. కింద లెవీ గోడకి అతుక్కున్నాడు. కోర్సులకి వెళుతున్న ఇద్దరమ్మాయిలు వెనక్కి గెంతారు. క్రీస్తుదాసు కత్తి వైపు చూడలేదు, ఎందుకంటే కళ్లముందు కేదార్ కిటికీలోంచి నడుందాకా బయటికి వచ్చేశాడు. ఫోను గదిలోకే వదిలేసిన రెండు చేతులూ గాలిని పట్టుకుంటున్నాయి. పాదాలు లోపల ఎక్కడా ఆనుతున్నట్టు లేవు.

ఈసారి క్రీస్తుదాసు కుడిచెయ్యి నిచ్చెన వదిలింది. కేదార్ చొక్కా కాలరు దొరికింది. గుండీలు పటపటా తెగాయి, బట్ట చిరగలేదు. నిచ్చెనకి ఎడమచేయి చుట్టి, ఛాతీలో మొన్నటి దెబ్బ భగ్గుమంటున్నా లెక్కచెయ్యకుండా, తిట్టు ఒకటి తిట్టి, అతణ్ణి లోపలికి నెట్టాడు. ఆదివారం చర్చికి వెళ్లే మనిషి తిట్టాల్సిన తిట్టు కాదది.

కేదార్ గది నేల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి కిటికీలో అతని మొహం కనిపించింది, సున్నం రంగులో.

"వద్దనుకున్నానండి" అన్నాడు. "చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది."

"ఎరికే సార్" అన్నాడు క్రీస్తుదాసు.

"దొరికింది బావా!" అని కింద నుంచి లెవీ అరిచాడు. "గీతలు పడ్డయి. ఇంకేం గాలే!" సామాను లాగే తాడుకి కట్టి పైకి పంపాడు. క్రీస్తుదాసు విప్పి, ఒక్క క్షణం గట్టు వైపు చూశాడు. కేదార్ చెయ్యి చాపి ఉంది.

"మరి మీ మామ్మ చెప్పిన మాట?"

"పోట్లాట వస్తే చూసుకుందాం మాస్టారూ. ఇవ్వండి."

చేతిలో పెట్టాడు. కేదార్ రెండుచేతులతో ఆ చేతిని పట్టుకుని కాసేపు వదల్లేదు. శుక్రవారం నుంచి ఒకమూల గుచ్చుకుంటున్న ముల్లు ఎప్పుడు పోయిందో క్రీస్తుదాసుకి తెలియలేదు.

"ఇంతకీ ఏమని పెట్టను వీడియోలో? తగునా, తగదా?"

"మీరే చెప్పుండ్రి సార్. రెండు గుండీలు పోయినయ్, ముందు అవి కుట్టిచ్చుకోండ్రి."

జేబులోంచి పసుపుపచ్చ కట్టర్ తీసి, బ్లేడు ఒక గడి ముందుకు తోసి, తాడు రుద్దడం మొదలుపెట్టాడు. కొత్త ఫ్లెక్సీ పైమూల జానెడు దించి కట్టాడు. దిగబోతుంటే కట్టర్ వేళ్లలోంచి జారింది. "కిందా!" అని అరిచి, దిగాక వెతకనైనా వెతకలేదు. సంచిలో ఇంకా నాలుగున్నాయి.